అక్క నడక

"యంత్రం నిజమైన నడకల నుంచే నేర్చుకుంది. దానికి ఎవరి మీదా కోపం లేదు, ఎవరి మీదా ప్రేమా లేదు."

ఒంగోలు ప్రత్యేక కోర్టు సాక్షి బోనులో నిలబడి ఈ రెండు ముక్కలూ ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. మొదట్లో గొంతు సవరించుకుని, జడ్జిగారి వైపు తిరిగి, ప్రతి మాటా నొక్కి చెప్పేవాణ్ణి. ఇప్పుడు మూడో పెళ్లికి ఆలస్యమైపోతున్న పురోహితుడిలా గబగబా చదివేసి దిగిపోతున్నాను. ప్రాసిక్యూటరు రహంతుల్లా గారు ప్రశ్న అడిగేదీ అలాగే. ఎదురు బల్ల మీద కూర్చునేవాళ్లూ ఎప్పుడూ ఒకలాంటివాళ్లే. చేతికర్ర తొడల మధ్య ఇరికించుకున్న ముసలాయన, కొంగు నోట్లో కుక్కుకున్న ఆడమనిషి, తను చేసిన నేరమేమిటో ఇంకా అర్థం కాని మరొకడు.

ఈ కోర్టు పెట్టిన కొత్తలో ఇలా ఉండేది కాదు. కేంద్రం ఇచ్చే వికలాంగుల పింఛనులో మోసం అంటే ఒక బ్రోకరు, ఒక డాక్టరు, వాళ్ల వెనక ఊళ్లకి ఊళ్ల దొంగ సర్టిఫికెట్లు ఉండేవి. కేసులు తక్కువ, ముద్దాయిలు పెద్దవాళ్లు. మనిషి నడకను చదివే మా నేల వచ్చాక కేసుల గీత నిచ్చెన ఎక్కినట్టు పైకి పోయింది. ఏటేటా ఢిల్లీలో పత్రికలవాళ్లని పిలిచి ఆ గీతను చూపిస్తారు. గీత పైకి పోయేకొద్దీ ముద్దాయిలు కిందికి దిగుతున్నారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

మరి బ్రోకర్లు ఏమయ్యారు? ఆ మాట ఒకసారి కోర్టు బయట టీ తాగుతూ రహంతుల్లా గారినే అడిగాను.

"యాడికి పోతారు శేషు గారూ, ఈడనే ఉన్నారు. పగటి వేషాలేసే ఆయన్ని ఒకర్ని పెట్టుకున్నారంట. కాళ్లు బాగున్నోళ్లకి కుంటడం నేర్పిస్తన్నాడంట. ఇంట్లో, బజార్లో, యాడకి పోయినా అదే కుంటు. పడుకునేదాకా వేషం తియ్యకూడదు. అట్టాంటోళ్లకి మీ నేల నిజమేనని పచ్చదీపం వెలిగిస్తది."

"రుజువుందా?"

"రుజువుంటే టీ కొట్టు కాడ చెప్తానా?" అని ఆయన గ్లాసు పెట్టేసి, నల్లకోటు దులుపుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆయనా అలసిపోయిన మనిషే.

నేను పనిచేసే ల్యాబు విజయవాడలో ఉంది. దాన్ని మొదలుపెట్టింది ప్రొఫెసరు వైదేహి గారు. దొంగల్ని పట్టాలని కాదు. పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్లు అడుగు ఎలా వేస్తున్నారో, ఒంటికి తీగలు తగిలించకుండా చూడాలని ఆవిడ కోరిక. మామూలు గచ్చులా కనిపించే పలకల కింద జల్లెడలాంటి సన్నటి వల పరిచాం. మనిషి దాని మీద నడిస్తే బరువు ఏ కాలి మీద ఎంతసేపు నిలిచిందో, మడమ ఎప్పుడు లేచిందో, తెర మీద ఒక గీతగా వచ్చేది. కానీ నేలకి కుంటడమంటే ఏమిటో ముందు తెలియాలి కదా. తెలిసినవాళ్లు ఎవరో నడిచి చూపించాలి.

అలా వచ్చిన మొదటి మనిషి మాలకొండమ్మ. టంగుటూరు దగ్గర పొగాకు కంపెనీలో ఆకు ఏరే పని. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఒక సీజనంతా మా గెస్టు రూములో ఉంది. ఊరికే నడిస్తే డబ్బులిస్తారంటే ముందు నమ్మలేదు, తర్వాత ఊరికే నడవడం ఆవిడకి చేత కాలేదు. మా అందరికీ టీలు మోసేది, టిఫిను డబ్బాలు కడిగేది, బల్లల మీద కాగితాలు సర్దేసి మాకు కనపడకుండా చేసేది, తిట్టేది. ఆ తిరుగుడంతా నేల నేర్చుకుంది. ఎడమ అడుగు చిన్నగా తాకి, ఒక్క క్షణం ఆలోచించి, కుడి అడుగు చొరవగా పడేది. మేమంతా ఆవిణ్ణి అక్కా అనేవాళ్లం. ఆ గీతకి కూడా అదే పేరు స్థిరపడింది: అక్క నడక. తర్వాత వచ్చిన ప్రతి నడకనీ దాని పక్కన పెట్టే చూసేవాళ్లం.

తర్వాత ల్యాబుకి డబ్బు ఆగిపోయింది, కేంద్రం నుంచి కబురు వచ్చింది. కుంటును నయం చేసే నేల వాళ్లకి అక్కర్లేదు, కుంటును అనుమానించే నేల కావాలి. మెడికల్ బోర్డు వరండాలో కొన్ని పలకలు, డాక్టరు గదిలో కొన్ని పలకలు. వరండాలో నడిచిన నడకా గదిలో నడిచిన నడకా ఒకటైతే పచ్చదీపం, కాకపోతే ఎర్రదీపం. ఎర్రదీపం పడితే పింఛను ఆగుతుంది, కేసు కేంద్ర దర్యాప్తు వాళ్లకి పోతుంది.

దాన్ని చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్దాఫీసరు వచ్చిన రోజు ఒక చిత్రం జరిగింది. ఆయన గదిలో కూర్చున్నాడు. మేం ఒక్కొక్కరం వరండాలోంచి నడుచుకుంటూ లోపలికి వెళ్లాం. అందరికీ ఎర్రదీపమే. పెద్దాయన ముందు మాకు తెలియకుండానే అడుగులు చిన్నవై, భుజాలు ముడుచుకుపోయాయి. ఆఫీసరు పొట్ట పట్టుకుని నవ్వాడు. మేమూ నవ్వాం. వైదేహి గారు మాత్రం, "ఇది భయాన్ని కూడా మోసం కింద లెక్కేస్తోందే" అన్నారు. మీటలు కాస్త అటూ ఇటూ తిప్పితే మా అందరికీ పచ్చదీపం వచ్చింది. ఆ మాట అంతటితో మరుగున పడింది.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం, కోర్టుకి పంపాల్సిన గీతలు సరిచూస్తున్నాను. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఒక వరండా గీత దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో పడుకుని ఉంటే మెట్ల మీద చప్పుడుని బట్టి ఎవరొస్తున్నారో తెలిసిపోతుంది చూడండి, అలా తెలిసిపోయింది. కొంచెం నెమ్మదించింది, కుడి మోకాలు కూడా అలసినట్టుంది. అయినా అదే. ఎడమ అడుగు తాకి, క్షణం ఆలోచించి, కుడి అడుగు చొరవగా.

దాని కింద గది గీత చూశాను. ఘోరం. కాలు ఈడ్చడం, గోడ పట్టుకోవడం, మధ్యలో ఒక తూలుడు. వీధి నాటకం కూడా అంత బాగా ఉండదు. ఎర్రదీపం. కేసు పెట్టారు.

తెర అలాగే ఉంచి వైదేహి గారిని పిలుచుకొచ్చాను. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"అక్క!" అన్నారు.

"అవునండీ."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "అక్క దొంగైతే, మన నేల దొంగ దగ్గర పాఠం నేర్చుకున్నట్టు. అక్క దొంగ కాకపోతే, నేల తప్పు చెప్పినట్టు. ఎటు చూసినా ఇన్నాళ్లూ మనం చెప్పిన సాక్ష్యం నిలవదు శేషూ."

"చెప్పేద్దామండీ."

"చెప్తే ఏమవుతుందో తెలుసా? ఇప్పటికే జైల్లో ఉన్నవాళ్లు, పింఛను పోయినవాళ్లు, అందరి కేసులూ తిరగతోడాలి. ల్యాబు మూతపడుతుంది. మూతపడ్డ ల్యాబు తప్పు దిద్దలేదు కదా." ఆవిడ చాలాసేపు ఆ గీతనే చూశారు. "రహంతుల్లా గారితో నేను మాట్లాడతాను. సాంకేతిక కారణం చూపించి అక్క కేసు వెనక్కి తీసుకోమందాం. ఈలోగా మనం నిశ్శబ్దంగా నేలను బాగుచేద్దాం. ముందు ఆమె బయటపడాలి."

నాకది తప్పనిపించలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. అడుసు తొక్కాం సరే, కాలు కడుక్కోవడానికి ఎవరో చెంబుతో నీళ్లిస్తున్నారు.

ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ హేమలత నడుముకి తైలం రాసుకుంటోంది. ఆ నడుం నొప్పి మా పెళ్లంత పాతది. ముందురోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ వంగలేనంది, కూర్చోలేనంది, నిద్ర పట్టదంది. నేను బిత్తరపోయి చూశాను.

"ఇంట్లో ఎప్పుడూ ఇంత చెప్పలేదే? డాక్టరు దగ్గర ఎక్కువ చెప్పావు" అన్నాను ఇప్పుడు.

"డాక్టరు దగ్గర ఎక్కువ చెప్పలేదు. ఇంట్లో తక్కువ చెప్తాను" అంది, సీసా మూత బిగిస్తూ. "ఇంట్లో చెప్తే అన్నం ఎవరు వండుతారు? నువ్వొండుతావా?"

ఆ పూట వంట నేనే చేశాను. పప్పు మాడింది. ఆమె మాడుతో సహా తినేసింది. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

వాయిదా రోజు కోర్టు వరండాలో మాలకొండమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే మొహం చాటంత అయింది.

"అబ్బయ్యా! శేషూ! నువ్వేందిరా ఈడ? నీ మీదా పెట్టారా కేసు?"

పక్కన కూర్చున్నాను. "అక్కా, బోర్డులో అలా ఎందుకు నడిచావు?"

"ఎట్టా నడిచా?"

"ఎక్కువగా కుంటుతూ నడిచావు."

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "డాక్టరు ముందర మామూలుగా నడుస్తారంట్రా ఎవురైనా? చిన్నప్పుడు మా అమ్మ నన్ను సంకనేసుకుని క్యాంపుకి తీసకపోతా దారంతా చెప్పేది. డాక్టరు కాడ బాగా కుంటవే, లేకపోతే సంతకం పెట్టడు అని. కలెక్టరు కాడికి అర్జీ ఇయ్యను పోతా కొత్త చీర కట్టుకోని పోతామా? కాలు యాక్టింగు కాదు గదా అబ్బయ్యా. కుంటడం కొంచెం యాక్టింగు చేశా, అంతే."

అంతే. ఎన్నో తరాలుగా ఈ దేశంలో డాక్టరు గదిలోకి అందరూ అలాగే నడిచారు. బాధ లేనివాళ్లు ఉన్నట్టు నటించారు, ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ ఉన్నట్టు నటించారు. నటించకపోతే ఎవరూ నమ్మలేదు. మా నేల నటనని పట్టుకుంది. కాలు ఎలా ఉందో అది చూడనేలేదు.

"నీ కేసు తీసేస్తున్నారక్కా. మధ్యాహ్నం రహంతుల్లా గారు జడ్జిగారికి చెప్తారు. పింఛను మళ్లీ వస్తుంది."

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, నాక్కాదు, సీలింగు ఫ్యానుకి. "బతికించావు. పించిను సంగతి తర్వాత అబ్బయ్యా. కంపెనీలో నా పక్కన కూకోని ఆకు ఏరతల్లేదు ఎవురూ. దొంగ కాలుది అంటన్నారు. ఇన్నేళ్లు ఈడ్చుకోని తిరిగిన కాలు దొంగదంట! కేసు తీసేశారని ఆళ్లకి కూడా చెప్తారా?"

"చెప్తారు" అన్నాను.

"అయితే ఇంకేం గావాల" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆవిడ కేసు కంటే ముందు చీరాల నుంచి వచ్చిన పేరయ్య కేసు పిలిచారు. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని కాలు మొద్దుబారిపోయిన నేతగాడు. వరండాలో కర్ర లేకుండా నడిచాడు, గదిలో కర్రతో నడిచాడు. ఎర్రదీపం. నేను బోనెక్కాను. రహంతుల్లా గారు కాగితాలు చూసుకుంటూనే అడిగారు.

"ఈ యంత్రం ఎక్కడి నుంచి నేర్చుకుంది?"

నోరు తెరిచాను. అలవాటైన వాక్యం గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. వెనక బల్ల మీద మాలకొండమ్మ నన్ను చూసి చిన్నగా నవ్వుతోంది, మావాడే సుమా అన్నట్టు. పేరయ్య మాత్రం నా వైపు చూడటం లేదు, తన కర్రని చూసుకుంటున్నాడు. ఆయన కేసు తీసేయమని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆయన టీలు మోసిన ల్యాబు లేదు.

నేల సంగతి బయటపెడితే అక్క కేసు గుట్టుగా తీసేయడం కుదరదు. చెప్పకపోతే పేరయ్య లోపలికి పోతాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నిజమైన నడకల నుంచి నేర్చుకుందండీ" అన్నాను. "అందులో మొదటి నడక మనిషికి ఇప్పుడు అదే యంత్రం ఎర్రదీపం చూపించింది. ఆమె మీద కూడా కేసు పెట్టారు. ఆమె కుంటు నిజమని ఈ యంత్రాన్ని తయారుచేసినవాళ్లందరికీ తెలుసు. కాబట్టి ఇది చెప్పేది నమ్మమని నేనిక చెప్పలేను."

రహంతుల్లా గారు తలెత్తారు.

"ఆ మనిషి ఎవరు?" అన్నారు జడ్జిగారు.

చూపించక తప్పలేదు.

పేరయ్య కేసే కాదు, నేల మీద ఆధారపడిన కేసులన్నీ ఆగిపోయాయి. మాలకొండమ్మ కేసు వెనక్కి తీసుకోవడానికి జడ్జిగారు ఒప్పుకోలేదు. యంత్రం నిజమా, ఆమె నిజమా తేలాల్సిందేనన్నారు. రిటైర్డు జడ్జి ఒకాయన్ని కమిషనుగా వేశారు. తేలేదాకా ఆమె పింఛను ఆపమన్నారు.

బయటికొచ్చాక ఆవిడ నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మెట్ల దగ్గర నిలబడి నెమ్మదిగా అంది:

"నువ్వు మంచోడివే అబ్బయ్యా. మంచోళ్లతోనే శానా కష్టం."

కమిషను మా ల్యాబులోనే కూర్చుంది. ఒకప్పుడు ఆవిడ టీలు మోసిన వరండానే, ఆవిడ మమ్మల్ని తిట్టిన గదే. చివర గోడకి దీపం పెట్టారు. రిటైర్డు జడ్జిగారు పక్కన కుర్చీలో, రహంతుల్లా గారు స్విచ్చుల దగ్గర, వైదేహి గారు తెర ముందు.

"మామూలుగా నడవమ్మా" అన్నారు జడ్జిగారు.

మాలకొండమ్మ నడిచింది. ఎర్రదీపం. మళ్లీ నడిచింది. ఎర్రదీపం. ఒకసారి ఎక్కువ కుంటింది, అలా కుంటకూడదని గుర్తొచ్చి తక్కువ కుంటింది, తక్కువైందేమోనని మధ్యలో ఆగిపోయింది. కింద పలకల్నే చూస్తూ అడుగులు లెక్కపెట్టుకున్నట్టు వేస్తోంది. రోజు గడిచేకొద్దీ ఇంకా పాడైంది. తెర మీద గీతలన్నీ ఎవరెవరివో అనిపించాయి. వాటిలో అక్క నడక లేదు. వైదేహి గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టేశారు.

"మామూలుగా నడవమ్మా" అన్నారు జడ్జిగారు మళ్లీ, విసుగు దాచుకుంటూ.

"మామూలుగా అంటే ఎట్టాగయ్యా?" అని ఆవిడ అక్కడే నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు. "ఇంటికాడ కూడా మర్చిపోయినా. వాకిట్లోకి పోతన్నా అడుగు ఎట్టా ఎయ్యాలా అని ఆలోచన." నా వైపు తిరిగింది. "శేషూ, నేనెట్టా నడిచేదాన్నో నీకు తెలుసు గదా. నువ్వు నడిచి చూపియ్యి."

నేను జడ్జిగారి వైపు చూశాను. ఆయన చెయ్యి ఊపారు, ఏదో ఒకటి కానివ్వండి అన్నట్టు.

చెప్పులు వదిలేసి వరండా చివరికి వెళ్లాను. ఏళ్ల తరబడి ఆ గీతతో కాపురం చేశాను నేను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఎడమ పాదం వేళ్లతో తాకించాను. ఒక్క క్షణం. కుడి పాదం చొరవగా. నడుం కొంచెం అటు. నాకు సిగ్గేసింది, తర్వాత సిగ్గు పోయింది. వరండా దాటి, గుమ్మం దాటి, గది మధ్య దాకా అలాగే నడిచాను.

పచ్చదీపం వెలిగింది.

రహంతుల్లా గారు నోరు తెరిచి, దీపాన్నీ నా కాళ్లనీ మార్చి మార్చి చూశారు. టీ కొట్టు దగ్గర లేదన్న రుజువు ఆయన ముందే చెప్పులు లేకుండా నిలబడి ఉంది.

"మీ కాలికి ఏమైనా లోపం ఉందా?" అన్నారు జడ్జిగారు.

"లేదండీ."

ఆయన కలం మూత తీసి రాయడం మొదలుపెట్టారు.

"అట్టయితే ఆ పించినేదో నీకే రాయించుకో అబ్బయ్యా" అంది మాలకొండమ్మ. వైదేహి గారు ఫక్కున నవ్వి, వెంటనే మొహం పక్కకి తిప్పుకున్నారు.

"నేనట్టా నడిచేదాన్నా?" అంది మళ్లీ. "ఇంకొకసారి నడువు."

నడిచాను. ఆవిడ వెనకాలే, నేను అడుగు పెట్టిన చోట అడుగు పెడుతూ వచ్చింది, తన నడకని నా దగ్గర నేర్చుకుంటూ. గుమ్మం దాటితే నాకు పచ్చ. గుమ్మం దాటితే ఆవిడకి ఎరుపు. రహంతుల్లా గారు ఇక చూడలేక లేచి స్విచ్చి ఆపేశారు. తెర నల్లబడింది.

"అయిపోయిందా?" అంది ఆవిడ.

"అయిపోయిందమ్మా, ఇవాల్టికి" అన్నారాయన.

"పొద్దున్నించీ నడిపిస్తన్నారు, ఒక్కరన్నా టీ అన్నారా? గ్లాసులు యాడున్నయ్యో నాకు తెలుసు, మీరు కూకోండి" అని కొంగు దోపుకుని వంటగది వైపు పోయింది. ఎడమ అడుగు చిన్నగా తాకి, ఒక్క క్షణం ఆలోచించి, కుడి అడుగు చొరవగా.

జడ్జిగారు తల వంచుకుని రాసుకుంటున్నారు. నేల ఆగిపోయి ఉంది. ఆ నడకను చూసింది నేనొక్కణ్ణే. నా మాట మీద ఇక ఏ కోర్టూ ఏదీ రాసుకోదు. వంటగదిలో గ్లాసులు చప్పుడయ్యాయి, పంచదార డబ్బా ఎక్కడ తగలేశారని ఆవిడ అరిచింది. చూపించడానికి వెళ్లాను.